మిషన్ బడి రోజులు, మన ఇంటి మాట
(పెగడపల్లిలో జరిగిన సభలో యువతను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)

  

"మీ కాలంలో మిషన్ బడి ఎట్లుండె? అక్కడ ఉండి ఎట్ల చదువుకున్నరు?" అని సంఘం పిల్లలు మమ్మల్ని అడిగారు. మేము అంటే ఒక్కరం కాదు. ఈ చుట్టుపక్కల తండాల నుంచి, గూడేల నుంచి రేకు సందుగ నెత్తిన పెట్టుకుని చదువుకు పోయిన ఒక తరం. అందులో కొందరం ఇవాళ ఇక్కడ ఉన్నాం. కొందరు లేరు. అందరి తరఫున నాలుగు మాటలు చెబుతాం.

ముందు ఆ కాలం సంగతి తెలియాలి. ఇప్పుడు మన జిల్లా జగిత్యాల. 2016 అక్టోబర్ 11కు ముందు ఇదంతా కరీంనగర్ జిల్లా. ఊళ్లో బడి ఉంటే చిన్న తరగతుల వరకే. ఆ పైన చదవాలంటే పెద్ద ఊరికి పోవాలి, అక్కడ ఉండటానికి చోటు కావాలి. ఇప్పుడు మీరు చదివే గురుకులాల వంటివి అప్పుడు లేవు. మన రాష్ట్రంలో మొదటి గురుకులం నల్లగొండ జిల్లా సర్వేల్‌లో 1971లో మొదలైంది. అప్పుడు ముఖ్యమంత్రి మన పాత కరీంనగర్ జిల్లా వంగర మనిషి, పి.వి. నరసింహారావు గారు. అంతకు ముందు తిండీ పడకా ఉండి చదువు చెప్పే చోటు అంటే, సర్కారు హాస్టళ్లు పోను, మన పెద్దలకు తెలిసింది మిషన్ బడే.

హైదరాబాద్‌లో కతోలిక బడులు చాలా పాతవి. ఆల్ సెయింట్స్ 1855 నాటిది. కానీ అవి పట్నం బడులు, మనకు అందేవి కావు. మన వైపు మార్పు 1950ల్లో వచ్చింది. 1952 చివర్లో వరంగల్ మేత్రాసనం ఏర్పడింది. కరీంనగర్ జిల్లా దాని కిందికే వచ్చింది. 1955లో కాజీపేటలో మోంట్‌ఫోర్ట్ బ్రదర్లు సెయింట్ గాబ్రియేల్స్ హైస్కూల్ పెట్టారు. మనకు అది దూరమే, కానీ పెద్దపల్లి స్టేషన్‌కు పోయి రైలెక్కితే కాజీపేటలో దిగొచ్చు. ఆ తర్వాత వేరే చోట్ల కూడా ఫాదర్లు, సిస్టర్లు బడులు, బోర్డింగులు నడిపారు. మాలో ఒక్కొక్కరం ఒక్కొక్క చోట చదివాం. ఫలానా బడి అని పేర్లు చెప్పం. దినచర్య అన్ని చోట్లా దాదాపు ఒక్కతీరుగానే ఉండేది.

ఒక మాట మీకు తెలియదేమో. బ్రదర్ వేరు, ఫాదర్ వేరు. ఫాదర్ అంటే పూజ చేసే గురువు. బ్రదర్ పూజ చేయడు. పెళ్లి చేసుకోకుండా మఠంలో ఉండి, బడి చెప్పడమే తన సేవ అనుకునేవాడు. మాకు మొదట ఇద్దరూ తెల్ల అంగీ వాళ్లే. తేడా తెలియడానికి ఒక ఏడాది పట్టింది.

చేరిన రోజు మొదటి పని పేరు రాయడం. ఇంట్లో పిలిచే పేరు ఒకటి, రిజిస్టర్‌లో ఎక్కిన పేరు ఒకటి. బానోత్, భూక్యా, ధారావత్, అజ్మీరా వంటి మన ఇంటి పేర్లు గుమాస్తా చెవికి ఎట్లా వినిపిస్తే అట్లా ఎక్కాయి. అన్నకు ఒక తీరు, తమ్మునికి ఒక తీరు. ఇక పుట్టిన తేదీ. "పెద్ద కరువు వచ్చిన ఏడు పుట్టిండు, అప్పుడు మక్క చేను కోతకొచ్చింది" అని నాయిన చెబితే గుమాస్తా ఏం రాస్తాడు? జూన్ 1 అని రాశాడు. అట్లా మా తరగతిలో సగం మంది ఒకే రోజు పుట్టినవాళ్లం అయ్యాం. ఇప్పుడు నవ్వొస్తుంది. ఉద్యోగంలో చేరేటప్పుడు, పింఛను కాగితాలు పెట్టేటప్పుడు మాత్రం నవ్వు రాలేదు.

కులం గడి దగ్గర ఇంకో చిక్కు. గోండు, నాయకపోడు పిల్లలు షెడ్యూల్డ్ తెగల జాబితాలో మొదటి నుంచీ ఉన్నారు. లంబాడాల సంగతి వేరు. ఆంధ్ర ప్రాంతంలో ఉన్న లంబాడాలు జాబితాలో ఉన్నారు, తెలంగాణలో ఉన్నవాళ్లు లేరు. 1956లో రాష్ట్రం ఒక్కటైనా జాబితాలు రెండుగానే ఉండిపోయాయి. 1976 సవరణ చట్టం వచ్చాకనే తెలంగాణ లంబాడాలకు ఆ గుర్తింపు దక్కింది. అంతకు ముందు చదివినవాళ్లకు గిరిజన ఉపకార వేతనం లేదు. ఫీజు కోసం మేక అమ్మిన ఇళ్లున్నాయి. ఫీజు కట్టలేక నడుమనే ఇంటికి వచ్చినవాళ్లూ ఉన్నారు. మీ చేతిలో ఉన్న సర్టిఫికెట్ వెనుక ఇంత కథ ఉంది.

ఇక దినచర్య. తెల్లవారుజామున గంట. చాలా చోట్ల అది చెట్టుకు వేలాడదీసిన రైలు పట్టా ముక్క. లేచి బావి దగ్గర స్నానం. కతోలిక పిల్లలు గుడికి పోయేవారు, మిగతావాళ్లం పుస్తకం ముందు కూర్చునేవాళ్లం. తర్వాత ఊడ్చుడు, నీళ్లు చేదుడు, చెట్లకు పోసుడు, ఎవరి వంతు వారిది. బడి, ఆట, మళ్లీ చదువు, సాయంత్రం జపమాల. పడుకునే గంట కొట్టాక మాట్లాడితే గోడ కుర్చీ. బెత్తం కూడా ఉండేది. "ఆ దెబ్బల వల్లనే బాగుపడ్డాం" అనే పెద్దలు మాలో ఉన్నారు. మేము ఆ మాట అనం. దెబ్బల వల్ల బాగుపడలేదు. రోజూ ఒకే వేళకు పుస్తకం తెరిచిన అలవాటు వల్ల బాగుపడ్డాం.

తిండి సంగతి కూడా అడిగారు. ఇంట్లో మనకు గట్క, అంబలి, జొన్నరొట్టె. అక్కడ ఉప్మా. అమెరికా 1954లో చేసిన పి.ఎల్. 480 చట్టం కింద మన దేశానికి వచ్చిన గోధుమ రవ్వ, పాలపొడి, నూనె కతోలిక సేవా సంస్థల ద్వారా కూడా పంచేవారు. ఆ పాలపొడి వాసన మా తరానికి ఇప్పటికీ గుర్తే. కడుపు నిండేది. ఆ కాలంలో అది చిన్న మాట కాదు.

మతం గురించి దాచకుండా మాట్లాడుకుందాం. మనలో క్రైస్తవులైనవాళ్లున్నారు, కానివాళ్లున్నారు, ఇద్దరూ ఈ సభలో ఉన్నారు. కతోలిక పిల్లలకు సత్యోపదేశం తరగతి, మిగతావాళ్లకు నీతి పాఠం తరగతి. ప్రభుత్వ గుర్తింపు ఉన్న బడిలో ఏ పిల్లవాడినీ ఇష్టం లేకుండా, చిన్నపిల్లలైతే తల్లిదండ్రుల ఒప్పుదల లేకుండా, మతబోధలో కూర్చోబెట్టకూడదని రాజ్యాంగం 28వ అధికరణం చెబుతుంది. ఇది మీకు హక్కుగా తెలిసి ఉండాలి. మేమైతే ఎదుటివాడి ప్రార్థన దగ్గర నిశ్శబ్దంగా నిలబడటం అక్కడ నేర్చుకున్నాం.

అయితే మన పండుగ వేళకు నిలబడినవాళ్లు తక్కువ. క్రిస్మస్‌కు సెలవు, దసరాకు సెలవు. శ్రావణంలో తండాలో ఆడపిల్లలు తీజ్ మొలకలకు నీళ్లు పోస్తుంటే మేము గణితం చేస్తున్నాం. నాయకపోడు ఇళ్లలో లక్ష్మీదేవర ఊరేగింపు జరుగుతుంటే మేము హాజరు పలుకుతున్నాం. మేడారం జాతర మాఘ పున్నానికి వస్తుంది, అప్పటికి పరీక్షలు దగ్గర పడతాయి. సెలవు చీటీలో 'జాతర' అని రాస్తే ఒప్పుకోరని 'జ్వరం' అని రాసినవాళ్లు ఎందరో.

ఇప్పుడు అసలు మాటకు వస్తాం. ఆదివారం పొద్దున అందరం ఇంటికి ఉత్తరం రాయాలి. అది నియమం. "పూజ్యులైన తల్లిదండ్రులకు మీ కుమారుడు నమస్కరించి వ్రాయునది" అని మొదలు. ఇక్కడ నేను క్షేమం, అక్కడ మీ క్షేమం తెలుపగలరు అని నడుమ. వార్డెన్ చదివాకనే పోస్టులో పడేది. ఆ కార్డు తండాకు చేరితే చదివేవాళ్లు లేరు. పోస్టుమాన్ చదవాలి, లేదంటే దుకాణం సేటు చదవాలి. యాడికి తెలుగు సగమే అర్థం అవుతుంది. "తిన్నడా? చలికి దుప్పటి ఉన్నదా?" అని ఆమె గోర్ మాటలో అడిగితే ఆ కార్డులో జవాబు లేదు. కొడుకు క్షేమం అని మాత్రం ఉంది. ఆమె చెప్పింది రాసేవాళ్లు కూడా తెలుగులో, వాళ్లకు వచ్చినట్టు రాసేవారు. కాగితం పోయింది, వచ్చింది. తల్లి గొంతు మాత్రం ఆ కాగితం మీదికి ఎక్కలేదు.

మేము తరగతిలో ఇంటి మాట మాట్లాడితే నవ్వేవారు. ఇంగ్లీషు మీడియం ఉన్న చోట తెలుగుకే చోటు లేదు, ఇక గోర్‌బోలికి, గోండికి ఎక్కడిది? పెద్ద భాషలోనే చదువు, పెద్ద భాషలోనే ప్రార్థన అని నమ్మాం.

కానీ అదే బడిలో మా కళ్ల ముందే ఇంకొకటి జరిగింది. మొదట మేము చూసిన దివ్యబలి పూజ లాటిన్‌లో జరిగేది. పూజలో సహాయం చేసే పిల్లలు అర్థం తెలియకుండానే లాటిన్ జవాబులు కంఠస్తం చేసేవారు. వందల ఏళ్లుగా అట్లాగే నడిచింది. 1962 నుంచి 1965 దాకా రోములో రెండవ వాటికన్ మహాసభ జరిగింది. ప్రజల భాషలో పూజకు అది 1963 డిసెంబర్‌లో దారి తెరిచింది. కొద్ది కాలంలోనే మా గుడిలో ఫాదర్ ప్రజల వైపు తిరిగి తెలుగులో పూజ చెప్పాడు. వెనుక వరుసలో కూర్చునే ముసలమ్మకు కూడా మాట అర్థమైంది.

అప్పుడు మేము పిల్లలం, దాని విలువ తెలియలేదు. ఇప్పుడు తెలుస్తోంది. అంత పెద్ద, అంత పాత మతసంస్థే లాటిన్ పక్కన పెట్టి ప్రజల మాటలోకి వచ్చింది. పవిత్రమైన మాట ఒక్క భాషలోనే ఉంటుందన్న నమ్మకం మారగలిగితే, చదువు ఒక్క భాషలోనే ఉంటుందన్న నమ్మకం ఎందుకు మారదు?

ఇది కొత్త కోరిక కాదు. మనకు గోదావరి అవతల, పాత ఆదిలాబాద్ జిల్లా మార్లవాయిలో, హైమెన్‌డార్ఫ్ దొర చొరవతో 1943లోనే గోండు ఉపాధ్యాయులకు శిక్షణ మొదలైంది. గోండిలో వాచకాలు తయారయ్యాయి. భాషాపరంగా అల్పసంఖ్యాకులైన పిల్లలకు ప్రాథమిక చదువు మాతృభాషలో చెప్పే వసతి కల్పించాలని రాజ్యాంగం 350ఎ అధికరణం 1956 నుంచీ చెబుతోంది. ఆదిలాబాద్ జిల్లా గుంజాల గ్రామంలో దొరికిన పాత రాతప్రతుల గోండి లిపి 2018లో యూనికోడ్‌లోకి ఎక్కింది. అంటే మీ ఫోన్లకు కూడా ఆ అక్షరాలు తెలిసే కాలం వచ్చింది.

మిషన్ బడి మాకు అక్షరం ఇచ్చింది, వేళ ఇచ్చింది, అన్నం పెట్టింది. ఆ మేలు మరవం. ఇంటి మాటను రాయడం మాత్రం అది నేర్పలేదు. ఆ పని ఏ ఫాదరో, ఏ సర్కారో వచ్చి చేసేది కాదు. మాకు మాట ఉంది, రాసే తీరిక లేకపోయింది. మీకు రాత ఉంది, మాట జారిపోతోంది. ఇంట్లో తాత, అవ్వ ఉన్నంత వరకే ఈ రెండూ ఒక్క చోట కలుస్తాయి.

అందుకని మీ నుంచి రెండే పనులు కోరుతున్నాం. మొదటిది, ఇంటికొక నోటు పుస్తకం పెట్టండి. గోర్‌బోలి అయినా, గోండి అయినా తెలుగు అక్షరాల్లోనే రాయండి, పర్వాలేదు. విత్తనాల పేర్లు, చుట్టరికం పిలుపులు, తీజ్ పాటలు, లక్ష్మీదేవర కథ, మందు ఆకుల పేర్లు. నాయకపోడు ఇళ్లలో తెలుగే మాట్లాడినా, కథలు మాత్రం మీవే, వాటినీ రాయండి. ఫోన్‌లో గొంతు పట్టండి, పక్కన తేదీ, చెప్పినవాళ్ల పేరు రాయండి. రెండవది, మీ చెల్లెళ్లను, తమ్ముళ్లను బడిలో చేర్చే రోజు మీరే పక్కన నిలబడండి. ఇంటి పేరు సరిగా ఎక్కిందా, పుట్టిన తేదీ నిజమేనా, అన్నదమ్ముల కాగితాల్లో ఒక్క తీరుగా ఉందా చూడండి. ఒక అక్షరం తప్పితే సరిచేయించుకోవడానికి ఎన్ని ఆఫీసులు తిరగాలో మమ్మల్ని అడగండి, చెబుతాం.

వచ్చే ఏడు సభకు ఆ పుస్తకాలు తీసుకురండి. మేము చదవలేకపోతే మీరు చదివి వినిపించండి. మన మాటలో వింటాం.

రామ్ రామ్.