చెప్పులు విప్పించి చూడండి

ఈ రోజు పట్టాలు అందుకున్న డాక్టర్లకు, నర్సులకు, ఫిజియోథెరపిస్టులకు నా అభినందనలు.

త్వరలోనే మీరు ఓపీలో కూర్చుంటారు. అరవై దాటిన మనిషి ఒకరు వస్తారు. షుగరు, బీపీ మందులు రాయించుకుని, లేచి వెళ్లబోతూ తలుపు దగ్గర ఆగుతారు. "అరికాళ్లు ఒకటే మంటలండీ, రాత్రిళ్లు నిద్ర ఉండట్లేదు" అంటారు. ఆ మాట చివర్లో ఎందుకు వస్తుందంటే, అది వయసుతో వచ్చేదేలే అని ఇంట్లోవాళ్లు అప్పటికే తేల్చేసి ఉంటారు. దయచేసి ఆ మనిషిని వెనక్కి పిలిచి కూర్చోబెట్టండి. ఈ కాసేపూ నేను చెప్పేదంతా ఆ తర్వాత ఏం చేయాలన్నదే.

ముందు ఆ మాటలు పూర్తిగా వినండి. ఒకరు తిమ్మిర్లంటారు, ఒకరు సూదులు గుచ్చినట్టుందంటారు, ఇంకొకరు చీమలు పాకుతున్నట్టుందంటారు. దుప్పటి అంచు తగిలినా ఓర్చుకోలేని వాళ్లున్నారు. గచ్చు చల్లగా ఉంటుందని అర్ధరాత్రి లేచి హాల్లో ఉత్త కాళ్లతో తిరిగేవాళ్లున్నారు. చెప్పు ఎక్కడ ఊడిపోయిందో తెలియకుండా ఇంటిదాకా నడిచొచ్చిన వాళ్లూ ఉన్నారు. అందరిదీ చాలాసార్లు ఒకటే జబ్బు. నడుము దగ్గర బయల్దేరి కాలివేళ్ల దాకా వెళ్లే నరాలు మన ఒంట్లో అన్నిటికన్నా పొడవైనవి. ఏళ్ల తరబడి షుగరు ఎక్కువగా ఉంటే నరాలూ, వాటికి రక్తం అందించే సన్నటి నాళాలూ దెబ్బతింటాయి. పొడవైన నరం ముందు దెబ్బతింటుంది. అందుకే బాధ వేళ్ల దగ్గర మొదలై, మేజోడు తొడిగినంత మేర పైకి పాకుతుంది.

మన దేశంలో మధుమేహం ఉన్నవాళ్లు 10 కోట్ల పైమాటేనని ఐసీఎంఆర్ అధ్యయనం 2023లో చెప్పింది. అలాగని ప్రతి మంటనూ షుగరు ఖాతాలో వేసేయకండి. ఏళ్లుగా మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లలో బీ12 తగ్గొచ్చు, దానివల్లా ఇవే తిమ్మిర్లు వస్తాయి. ఆ పరీక్ష ఒకసారి చేయించండి. థైరాయిడ్, కిడ్నీ జబ్బు, మద్యం, టీబీకి వాడే ఐసోనియాజిడ్, కొన్ని కీమోథెరపీ మందులు, ఇవన్నీ అడిగి తెలుసుకోవాల్సినవే. నడిస్తే వచ్చి ఆగితే తగ్గే నొప్పి అయితే వెన్నుపూసనూ, కాలి రక్తనాళాలనూ అనుమానించాలి. పాదం మీద నాడి చూడకుండా ఎవరినీ పంపకండి.

ఇక పాదం. ఒక పెద్దాయన మంటలని చెప్పి నా దగ్గరకు వచ్చారు. చెప్పులు విప్పమన్నాను. కుడి చెప్పు అడుగు నుంచి మేకు మొన పైకి పొడుచుకొచ్చి ఉంది. సరిగ్గా అది తగిలేచోట, బొటనవేలి మొదట్లో పుండు, చుట్టూ గట్టిపడిన ఆనె. మేకు సంగతి ఆయనకు తెలియనే తెలియదు. రాత్రంతా మంటతో నిద్రపోనివ్వని పాదమే పగలు మేకు దిగినా పలకలేదు. ఈ జబ్బులో నేను అన్నిటికన్నా భయపడేది దీనికే. మంట ఉంది కదా, స్పర్శ కూడా ఉండే ఉంటుందని అనుకుంటాం. కానీ మంటా, మొద్దుబారడమూ ఒకే పాదంలో కలిసి ఉండొచ్చు. మందు లేకుండానే మంట తగ్గిపోయిందని ఎవరైనా సంతోషంగా చెబితే, జబ్బు నయమైందో, నరం పూర్తిగా మొద్దుబారిందో పరీక్షించి చూడాలి.

నొప్పి తెలియని పాదానికి ఎంత ముప్పో మనకు దగ్గర్లోనే, వేలూరులో, కుష్ఠు రోగుల పాదాల దగ్గర తేలింది. 1946లో అక్కడి క్రిస్టియన్ మెడికల్ కాలేజీకి వచ్చిన పాల్ బ్రాండ్, ఆ రోగుల వేళ్లు వాటంతటవే కుళ్లిపోవడం లేదని, నొప్పి తెలియక తగిలే దెబ్బలవల్లే పోతున్నాయని చూపించారు. తర్వాత అమెరికాలో పనిచేసినప్పుడు అదే తీరు మధుమేహుల పాదాల్లోనూ గుర్తించారు. ఈరోజు మనం మధుమేహులకు రాసిచ్చే ఎంసీఆర్ (మెత్తటి రబ్బరు) చెప్పులు మొదట కుష్ఠు రోగుల కోసం వాడినవే.

పాదం ముట్టుకోబోతే మన పెద్దవాళ్లు చటుక్కున వెనక్కి లాక్కుంటారు. "అయ్యో, మీరు నా కాళ్లు పట్టుకోవడమేంటి బాబూ" అంటారు. మొహమాటపడి ఆగిపోకండి. "ఫర్వాలేదు మామ్మా, ఇది నా పనే" అని చెప్పి స్టూలు ముందుకు లాక్కోండి. వేళ్ల సందులు విడదీసి చూడండి. కళ్లు మూసుకోమని 10 గ్రాముల మోనోఫిలమెంటు అనే నైలాన్ పోగును వంగేదాకా ఆనించి, తగిలిందా అని అడగండి. 128 హెర్ట్జ్ ట్యూనింగ్ ఫోర్కు బొటనవేలి ఎముక మీద పెట్టండి.

మందుల దగ్గర నిజం చెప్పండి. మామూలు నొప్పి బిళ్లలు ఈ మంటకు పెద్దగా పనిచేయవు, పైగా వాటిలో చాలావాటిని రోజూ మింగితే కిడ్నీలు దెబ్బతినొచ్చు. ప్రీగాబలిన్, గాబాపెంటిన్, డులోక్సెటిన్, అమిట్రిప్టిలిన్ పనిచేస్తాయి. పెద్దవయసులో అతి తక్కువ మోతాదుతో మొదలుపెట్టి మెల్లగా పెంచాలి. కిడ్నీలు బలహీనంగా ఉంటే ప్రీగాబలిన్, గాబాపెంటిన్ మోతాదు తగ్గించాలి. ప్రోస్టేట్ ఇబ్బంది ఉన్నాయనకు అమిట్రిప్టిలిన్ రాస్తే మూత్రం ఆగిపోవచ్చు. ఈ మందుల మత్తులో బాత్రూముకు లేచి పడితే తుంటి ఎముక విరగొచ్చు. అందుకే మందుచీటీతో పాటు దారిలో చిన్న లైటు వేసి ఉంచమని కూడా చెప్పండి. గుంటూరు మిరపకాయలో మంట పుట్టించే క్యాప్సైసిన్‌నే పూతమందుగా వాడతారు. మొదట్లో మండుతుందని, పగిలిన చర్మం మీద రాయకూడదని ముందే చెప్పాలి. ఏ మందైనా మంటను పూర్తిగా తీసేయకపోవచ్చు. సగం తగ్గి, మనిషి నాలుగైదు గంటలు నిద్రపోతే అది గొప్ప ఫలితమే. దానికి వారాలు పడుతుంది. షుగరు కూడా ఒక్కసారిగా దించేయకండి, అలా దించినప్పుడు మంటలు కొత్తగా మొదలైన వాళ్లున్నారు.

నర్సులూ, మీ మాట రోగులు మా మాటకన్నా ఎక్కువ వింటారు. ఉప్పు వేసిన వేడినీళ్లలో కాళ్లు పెట్టే అలవాటు మాన్పించండి. నీళ్లెంత కాలుతున్నాయో ఆ పాదానికి తెలియదు. ఆనెలను బ్లేడుతో కోసుకోవద్దనండి. గుడికి వెళ్లొద్దని మాత్రం అనకండి, బండలు కాలకముందే తెల్లవారుజామున ప్రదక్షిణ చేసుకోమనండి. ఫిజియోథెరపిస్టులూ, వంటగట్టు పట్టుకుని మడమలెత్తే వ్యాయామం దగ్గరుండి చేయించండి. స్పర్శ తగ్గిన పాదంతో నిలదొక్కుకోవడం నేర్పగలిగేది మీరే. పిల్లలు అమెరికాలో ఉంటే, వీడియో కాల్లో ఫోను కాస్త కిందికి తిప్పి పాదాలు చూపించమని అడగమనండి.

మీలో కొందరు వెళ్లే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మోనోఫిలమెంటు ఉండకపోవచ్చు. చూపుడు వేలు చాలు. రోగిని కళ్లు మూసుకోమని రెండు పాదాల్లోనూ బొటనవేలు, మధ్యవేలు, చిటికెనవేలు కొసలను ఒకటి రెండు సెకన్లు తేలిగ్గా తాకండి, నొక్కకండి. ఆరింటిలో రెండు చోట్ల తెలియకపోయినా స్పర్శ తగ్గినట్టే. ఇంటికి వెళ్లాక ఈ రాత్రే మీ అమ్మమ్మకో తాతయ్యకో చేసి చూడండి. తేడా కనిపిస్తే ఈ వారంలోనే వాళ్లను ఆస్పత్రికి తీసుకెళ్లండి.