పండుగ భోజనం పార్సెల్ – ఎన్ని గంటలకు వండారు?



ఇంట్లో ఒకరు ఆపరేషను చేయించుకొని మంచం మీద ఉన్నప్పుడు పండుగ వంట చేసే ఓపిక ఎవరికి ఉంటుంది? అందుకే శివరాత్రి మరునాటికైనా, ఉగాదికైనా, క్రిస్మస్‌కైనా హోటలు నుండో కేటరింగు వారి నుండో భోజనం తెప్పించుకొని, ఇంట్లో వేడి చేసి వడ్డించుకోవడం మన కర్నూలు, కడప వైపు కూడా అలవాటైంది. ఇందులో తప్పేమీ లేదు. రాత్రంతా రోగి దగ్గర మేలుకొన్న తల్లికి ఆ పూటైనా విశ్రాంతి దొరుకుతుంది. కాని "ఎలాగూ వేడి చేస్తున్నాం కదా, ఏమీ కాదు" అని చాలామంది అనుకుంటారు. ఆ ధైర్యం గురించే ఈ నాలుగు మాటలు.

బియ్యంతోపాటే బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి మన వంటింట్లోకి వస్తుంది. దానికి విత్తనాల వంటి గట్టి రూపం ఒకటి ఉంది. అన్నం ఉడికినా అది చావదు. అన్నం గోరువెచ్చగా గంటల తరబడి ఉండిపోతే ఆ విత్తనాలు మొలకెత్తి, పెరిగి, విషాన్ని వదులుతాయి. ఆ విషం ఒకసారి తయారైతే మీరు పొయ్యి మీద ఎంత వేడి చేసినా పోదు. వాసన రాకపోవచ్చు, రుచి కూడా మారకపోవచ్చు. తిన్న 1 నుండి 6 గంటల లోపల వాంతులు పట్టుకుంటాయి. బిరియానికీ ఇదే వర్తిస్తుంది. పెద్ద డేగిసాలో వండిన మాంసం కూర నెమ్మదిగా చల్లారినప్పుడు అందులో వేరే రకం క్రిములు పెరిగి విరేచనాలు తెస్తాయి.

కాబట్టి చూడవలసింది గడియారం. శ్రీశైలం సంగతే తీసుకోండి. ఉగాదికి కర్ణాటక భక్తులు వేల సంఖ్యలో నడిచి వస్తారు, కొండ మీద రద్దీ ఎక్కువ. దోర్నాల నుండి పైకి సుమారు 50 కిలోమీటర్ల అడవి దారి. సున్నిపెంటలోని ఒక ఇంటికి కింది ఊరి నుండి భోజనం వస్తోందనుకోండి. ఉదయం 5 గంటలకు వండారు, 7కు బయలుదేరింది, 10కి చేరింది, పూజ అయ్యి మీరు తినేసరికి 1 గంట. అంటే 8 గంటలు! వండిన భోజనం బయట 2 గంటలకు మించి ఉండకూడదు. ఎండ 32 డిగ్రీలు దాటితే 1 గంటే. ఉగాదినాటికి మన ఎండలు ఎలా ఉంటాయో మీకు చెప్పనక్కరలేదు. 60 డిగ్రీలకు తగ్గకుండా వేడి నిలిపే పెట్టెలో తెస్తే ఆ లెక్క వేరు.

మన పెద్దలు ప్రయాణానికి పులిహోరే ఎందుకు కట్టేవారో ఇప్పుడు అర్థమవుతుంది. చింతపండు పులుపులో క్రిములు త్వరగా పెరగలేవు. అయితే నిన్నటి అన్నానికి ఈ రోజు పులుపు కలిపితే అప్పటికే పుట్టిన విషం విరగదు.

ఆర్డరు ఇచ్చేటప్పుడు ధర అడిగినట్లే, ఎన్ని గంటలకు వండుతారో అడగండి. బిల్లు మీద 14 అంకెల ఆహార భద్రతా లైసెన్సు నంబరు ఉందో లేదో చూడండి. భోజనం రాగానే తినండి. మిగిలేటట్లుంటే ముందే తీసి, వెడల్పు గిన్నెల్లో పలుచగా సర్ది ఫ్రిజ్‌లో పెట్టండి. లోతు గిన్నెలో నడిమి భాగం చల్లారదు. ఫ్రిజ్ లేని ఇల్లయితే ఒక పూటకు సరిపడా మాత్రమే తెప్పించుకోవడం మేలు. వేడి చేసేటప్పుడు కూర మధ్యలో కూడా తెర్లాలి, అన్నం నీళ్లు చిలకరించి పొగలు వచ్చేదాకా కలుపుతూ వేడి చేయాలి. అదీ ఒక్కసారే.

షుగరు రోగి ఉన్న ఇంట్లో మరొక జాగ్రత్త. పార్సెల్ దారిలో ఉందని విని ముందే ఇన్సులిన్ వేయకండి. బండి ఆలస్యమైతే రోగికి చెమటలు పట్టి స్పృహ తప్పవచ్చు. భోజనం ఇంట్లోకి వచ్చి, కంచం ముందు పెట్టిన తరువాతే సూది తీయండి.

వాంతులు, విరేచనాలు మొదలైతే ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్టును దాని మీద రాసినంత నీటిలోనే కలిపి కొంచెం కొంచెంగా తాగించండి. ప్యాకెట్టు లేకపోతే 1 లీటరు కాచి చల్లార్చిన నీటిలో 6 చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలపండి. చిన్న టీ చెంచాతో, తలకొట్టి కొలవాలి. మూత్రం ఆగినా, విరేచనంలో రక్తం కనిపించినా, మనిషి మగతగా ఉన్నా 108కి ఫోన్ చేయండి. పసిబిడ్డ, ముసలివారు, గుండె లేక కిడ్నీ రోగి అయితే ఈ గుర్తుల కోసం ఎదురుచూడకుండా మొదటి వాంతికే ఆసుపత్రికి తీసుకురండి. ఆ పూట ఏమి తిన్నారో, ఎన్ని గంటలకు తిన్నారో కాగితం మీద రాసి తెస్తే డాక్టరుగారికి సగం పని తగ్గుతుంది.