పూల్ పంపు దగ్గర లీకులు

ఇంట్లో స్విమ్మింగ్ పూల్ ఉన్నవాళ్లు పంపు దగ్గర కారే చుక్కల్ని చూసీచూడనట్టు వదిలేయకండి. పంపు దాటాక లీకుంటే నీళ్లు బయటికి కారతాయి. పంపుకు ముందు లీకుంటే, మోటారు నడిచేటప్పుడు గాలి లోపలికి పోతుంది. పంపు మీదుండే అద్దంలాంటి మూత కింద బుడగలు ఆగకుండా కనిపిస్తాయి.

ముందు కరెంటు తీసేసి, వాల్వులు మూసి, మూత విప్పండి. దాని రబ్బరు రింగు చిట్లితే మార్చండి. బాగుంటే ఇసుక తుడిచి సిలికాన్ గ్రీజు రాయండి. పెట్రోలియం జెల్లీ వద్దు, రబ్బరు ఉబ్బి పాడవుతుంది. మర జాయింటు కారితే పాత టేపు తీసి, కొత్త టెఫ్లాన్ టేపు మర బిగిసే వైపే చుట్టండి. అతికించిన పీవీసీ జాయింటు కారితే పైపూత తాత్కాలికమే. ఆ ముక్క కోయించి కొత్తది వేయించండి. అతికించిన సొల్యూషన్ పూర్తిగా ఆరాకే మోటారు వేయండి.