గుస్సాడీ రాజు

కనక రాజు రాజ్‌గోండు. ఊరు కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా జైనూర్ మండలంలోని మార్లవాయి. గుస్సాడీ ఆటతో ఆ గూడెం పేరు ఢిల్లీ దాకా వినిపించిన కళాకారుడు. జనం ఆయన్ను గుస్సాడీ రాజు అనే పిలుచుకున్నారు.

మార్లవాయికీ హైదరాబాదుకూ ముడి పాతదే. 1940లో జోడేఘాట్‌లో గోండు నాయకుడు కుమురం భీం నిజాం బలగాల తూటాలకు నేలకొరిగాక, గోండుల గోడు ఏమిటో తెలుసుకునే పని నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్ అనే మానవశాస్త్రవేత్తకు అప్పగించింది. ఆయన భార్య బెట్టీ ఎలిజబెత్‌తో కలిసి మార్లవాయిలోనే మకాం పెట్టారు. 1987లో హైదరాబాదులో కన్నుమూసిన ఆమె సమాధి ఇప్పటికీ ఆ ఊళ్లోనే ఉంది.

పాతబస్తీ లాల్‌దర్వాజ బోనాల్లో ఒళ్లంతా పసుపు పూసుకున్న పోతరాజుది ఎలా మొక్కుతో కూడిన ఆటో, దండారి పండుగలో గుస్సాడీదీ అంతే. దీపావళి రోజుల్లో సాగే ఈ పండుగకు గోండులు గోదావరి ఒడ్డున గుడిరేవులోని పద్మల్‌పురి కాకోను కొలుస్తారు. గుస్సాడీ దీక్ష పట్టినవారు పండుగ ముగిసేదాకా స్నానం చేయరు. దేవుడు వారిని ఆవహించి ఉంటాడని నమ్మకం. ఒంటికి బూడిద, మసి. భుజాన మేకతోలు, మెడలో పూసల దండలు, నడుముకూ కాళ్లకూ గజ్జెలు, చేతిలో దండం. తలపై వందలాది నెమలి ఈకలు కూర్చిన టోపీ, దానికి అటూ ఇటూ కొమ్ములు. అది జారకుండా మెడ నిలిపి, డప్పు, తుడుం, పెప్రె, కాలికోం మోతకు అడుగు తప్పకుండా ఆడాలి. ఏళ్ల సాధన లేనిదే రాని విద్య ఇది. ఒక ఊరి బృందం మరో ఊరికి విడిదికి వెళ్తుంది. విందు, ఆట, పెళ్లి సంబంధాల మాటలు అన్నీ అక్కడే.

ఇందిరాగాంధీ ప్రధానిగా ఉన్న కాలంలో, 1980ల తొలి ఏళ్లలో, రాజు బృందం ఢిల్లీ గణతంత్ర వేడుకల్లో ఆడింది. ఆ తర్వాత కూడా ఆయన ఊరినే అంటిపెట్టుకుని గోండు యువకులకు ఆట నేర్పుతూ వచ్చారు. ఢిల్లీ ప్రదర్శన కన్నా ఇదే గొప్ప పని. 2021లో పద్మశ్రీ వచ్చింది. 2024 అక్టోబరు 25న, దీపావళికి ఆరు రోజుల ముందు, ఆయన కన్నుమూశారు. ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు జరిగాయి.

నగరంలో వేదిక మీద గుస్సాడీకి దక్కేది కొద్ది నిమిషాలే. శ్రోతలు వీలు చేసుకుని ఒక్కసారైనా దండారి రోజుల్లో ఆదిలాబాద్ గూడేలకు వెళ్లి, ఆ ఆటను దాని సొంత వాకిట్లో చూడాలి.