పరదేశమునకు పోవు కూలి – లంకా సుందరంగారి కృషి



మా శింగనమలలో శ్రీరంగరాయల చెరువు నిండిన యేడు జనము ఊరనే యుందురు. ఎండిన యేడు మూటలు గట్టుకొని బెంగుళూరునకో, సముద్రము దాటి అరబ్బు దేశములకో పోవుదురు. పోయినవాని మంచిచెడ్డ లెవరు విచారింతురు? ఈ ప్రశ్నను అర్థశాస్త్రదృష్టితో పరిశీలించిన ఆంధ్రులలో డాక్టరు లంకా సుందరంగారు ముఖ్యులు.

విదేశములందలి భారతీయులను గూర్చి వారు ఆంగ్లమున రచించిన 'ఇండియన్స్ ఓవర్‌సీస్' 1933లో వెలువడెను. ఆనాటికి వలసకథ చాల పాతది. 1834 మొదలు మారిషసునకు మనవారిని ఒడంబడికపై కొనిపోయిరి. ఆ పద్ధతిలో మాట తప్పిన కూలికి చెఱసాలయే గతి. సింహళమునకు, మలయాకు కంకాణియు, బర్మాకు మేస్త్రీయు ముందుగా బయానా యిచ్చి, ఆ యప్పుతోనే కూలిని కట్టివేసెడివారు. 1930లో రంగూను రేవున తెలుగు కూలీలకును బర్మీయులకును పనికై కలహము పుట్టి, పెక్కుమంది ప్రాణములు గోల్పోయిరి.

కావున వలస యనునది పొట్టకూటి మాట మాత్రమే కాదు, దేశములమధ్య వ్యవహారము. ఒడంబడిక కూలీల యెగుమతి 1917లో ఆగెను. 1922లో వలసచట్టము పుట్టెను. స్వరాజ్యము రాకమునుపే, కూలీల క్షేమము నరయుటకై సింహళ మలయాలలో భారతప్రభుత్వ ప్రతినిధులు నియమింపబడిరి. సుందరంగారు 1944లో లోకరాజకీయములలో భారతదేశపు స్థానమును గూర్చి మఱియొక గ్రంథమును ప్రకటించిరి. 1952లో విశాఖపట్టణమునుండి స్వతంత్రులుగా లోకసభ కెన్నికైరి. కూలిని గూర్చి వ్రాసిన కలమే విదేశాంగనీతిని గూర్చియు వ్రాసెనని గ్రహింపుడు.

ఆ బయానా నేటికిని వేఱు రూపమున నున్నది. నాకడ చదివిన యొకడు అచ్చుకాగితము దెచ్చి, "అయ్యవారూ, ఇందులో జీతమెంత ఉందో చదివి చెప్పండి" అనెను. దళారి నోటిమాటకును కాగితమునకును పొత్తు లేదు. అప్పటికే చేను తాకట్టు పడినది. వాడు ప్రయాణము మానుకొనెను గాని, ఇచ్చిన సొమ్ము తిరిగి రాలేదు.

పెద్దలారా, 1983నాటి చట్టము కూలీలను పంపు ఏజెంటు ప్రభుత్వముకడ నమోదు కావలెనని విధించెను. పదవ తరగతి గడవనివాడు గల్ఫునకు పనికి పోవుటకు వలసదారుల సంరక్షకాధికారి యనుమతి పొందవలెను. సందర్శకుల వీసాపై పోవువాని కీ రక్షణ లేదు. మీ యూరి పిల్లవాడు పయనమైనచో సొమ్ము చెల్లింపకముందే ఆ కాగితమును చదివింపుడు. ఏజెంటు నమోదు సంఖ్య నడుగుడు. నకలొకటి ఇంట నుంచుకొనుడు. చేను తాకట్టు పెట్టుట అటుపిమ్మట ఆలోచింపవచ్చును.