సినిమా కూడా చదువే



మాకు ఇచ్చిన అంశం 'గిరిజన యువత - ఉన్నత విద్య'. ఈ అంశం మీద హాస్టల్ వార్డెన్లం ఏం మాట్లాడతామో మీకు తెలుసు. డీఎస్సీ, కానిస్టేబుల్, నర్సింగ్, బీటెక్. అవన్నీ మంచివే. వాటి గురించి చెప్పడానికి వేదిక మీద ఇంకా నలుగురున్నారు. ఇక్కడ ఎవరూ ఎత్తని చదువు ఒకటి ఉంది, మేము దాన్ని ఎత్తుకుంటాం. సినిమా చదువు. నవ్వకండి, నవ్వితే మా టైము పోతుంది.

ప్రతి ఏడాదీ మా హాస్టళ్లలో ఒకరిద్దరు పిల్లలు ఈ ప్రశ్న అడుగుతారు. అందరి ముందూ అడగరు. స్టాకు రిజిస్టరు రాసుకుంటున్నప్పుడో, రాత్రి హాజరు అయ్యాకో వచ్చి నిలబడి, "మేడం, సినిమా తీయడం నేర్పే కాలేజీ ఉంటదా?" అంటారు. ఉంటుంది. 1960లో పుణేలో, పాత ప్రభాత్ స్టూడియో స్థలంలోనే, కేంద్ర ప్రభుత్వం పెట్టిన ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. 1995 నుంచి కోల్‌కతాలో సత్యజిత్ రే పేరు మీద ఇంకొకటి ఉంది. రెండింట్లోనూ దర్శకత్వం, ఛాయాగ్రహణం, ఎడిటింగ్, సౌండ్ వేర్వేరు విభాగాలు. మూడేళ్ల చదువు. ఏ డిగ్రీ అయినా పాసై ఉంటే చాలు. పుణేలో సౌండ్‌కు మాత్రం ఇంటర్లో ఫిజిక్స్ ఉండాలనే నిబంధన ఉంటూ వచ్చింది, ఎంపీసీ పిల్లలు గుర్తుపెట్టుకోండి. ముందు రాత పరీక్ష, నెగ్గితే ఇంటర్వ్యూ. సీట్లు తక్కువ, పోటీ ఎక్కువ. ఎస్టీలకు 7.5 శాతం రిజర్వేషన్ ఉంది. ఆ సీటు కావాలంటే కేంద్ర ప్రభుత్వ నమూనాలో కులధృవీకరణ పత్రం ఉండాలి. దరఖాస్తు గడువు రేపనగా మీసేవకు పరుగెత్తితే దొరకదు.

అంత దూరం వద్దనుకుంటే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో కమ్యూనికేషన్ ఎంఏ ఉంది. ఇంటర్ తర్వాతే వెళ్లాలనుకుంటే జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో ఫోటోగ్రఫీ డిగ్రీ ఉంది. ప్రైవేటు సంస్థలూ ఉన్నాయి గానీ, ఆ ఫీజులు విని మన ఇళ్లలో ఎడ్లు అమ్ముకోవద్దు. ఈ మాట మేము గట్టిగానే అంటున్నాం.

సినిమా అనగానే మన పిల్లల కళ్లకు హీరో కనపడతాడు, ఆ తర్వాత డైరెక్టరు. సౌండ్ రికార్డు చేసే మనిషి ఒకడుంటాడని చాలామందికి తెలియదు. రసూల్ పూకుట్టి అని కేరళ పల్లెటూరి మనిషి. పుణేలో సౌండే చదివాడు, 2009లో సౌండ్‌కే ఆస్కార్ అందుకున్నాడు. ఇది గొప్పకు చెప్పడం లేదు. మన దండారిలో గుమేల, పర్ర, తుడుం, పెప్రే అన్నీ ఒకేసారి మోగుతుంటే ఏది ఎటు నుంచి వస్తోందో కళ్లు మూసుకుని చెప్పగల పిల్లలు మీరు. ఆ చెవికి చదువు తోడైతే ఏమవుతుందో ఆలోచించండి.

ఆదివాసుల్లో ఈ చదువు చదివినవాళ్లు ఉన్నారా అంటే, ఉన్నారు. మేఘాలయ గారోల్లో డొమినిక్ సంగ్మా కోల్‌కతా సంస్థలోనే చదివాడు. 'మా.ఆమా' అనే సినిమాను గారో భాషలోనే తీశాడు. అందులో ప్రధాన పాత్ర ఆయన సొంత తండ్రి. ఎనభై దాటిన ఆ ముసలాయన, ఎప్పుడో చనిపోయిన భార్యను పరలోకంలో మళ్లీ కలుస్తాననే ఆశతో ఉంటాడు. అంతే కథ. దానికి జాతీయ అవార్డుల్లో ఉత్తమ గారో చిత్రం గుర్తింపు వచ్చింది. ఆయన తర్వాతి సినిమా 'రాప్చర్' 2023లో స్విట్జర్లాండులోని లొకార్నో ఉత్సవానికి వెళ్లింది. హిందీలో తీస్తేనే ఎవరైనా చూస్తారని ఆయన అనుకోలేదు, గమనించండి.

ఝార్ఖండ్ ఉరావ్‌ల కుర్రాడు నిరంజన్ కుజూర్ కూడా అక్కడి విద్యార్థే. కుడుఖ్ భాషలో 'ఎడ్పా కానా' అని చిన్న సినిమా తీశాడు. ఇంటికి పోవడం అని అర్థం. కుడుఖ్ కూడా మన గోండీ లాగ, తెలుగు లాగ ద్రావిడ కుటుంబం భాషే. ఆ సినిమాకు జాతీయ అవార్డు వచ్చింది దేనికో తెలుసా? సౌండుకే. అదే ఝార్ఖండులో బిజు టోప్పో, మేఘనాథ్‌తో కలిసి స్పాంజ్ ఐరన్ ఫ్యాక్టరీల పొగ మీద 'లోహా గరమ్ హై' అనే డాక్యుమెంటరీ తీసి 2010 జాతీయ అవార్డుల్లో నిలిచాడు. వయనాడు పణియ అమ్మాయి లీలా సంతోష్ గురించి కూడా చదవండి. ఆమె యూనివర్సిటీకి పోలేదు, కె.జె. బేబీ నడిపిన 'కనవు' అనే బడిలో చదివి కెమెరా దగ్గరికి వచ్చింది. కాబట్టి యూనివర్సిటీ ఒక్కటే దారి అని మేము అనడం లేదు. కానీ ప్రభుత్వం మన కోసం తెరిచి ఉంచిన తలుపును మనమే తట్టకపోతే ఎట్లా?

మన సంగతి చూద్దాం. 1940ల్లో హైమెన్‌డార్ఫ్ దొర మన మార్లవాయిలో ఉండి 16 మిల్లీమీటర్ల ఫిల్ము మీద మన తాతలను తీశాడు. ఆయన తీసిన ఫిల్ములు లండన్‌లో ఉన్నాయి. మన తాతమ్మలు నడిచిన నడక మనకంటే లండన్ విద్యార్థులకు ఎక్కువ అందుబాటులో ఉంది. దొర మంచివాడే, బడి పెట్టాడు, ఆ మేలు మరవం. కానీ కెమెరా ఆయనది. అల్లాణి శ్రీధర్ 1990లో తీసిన 'కొమరం భీమ్' థియేటర్లకు రావడానికి 2010 దాకా పట్టింది. 2022లో 'ఆర్ఆర్ఆర్'లో భీమ్ పేరు ప్రపంచమంతా తిరిగింది, అది కల్పన అని తీసినవాళ్లే చెప్పారు. జోడేఘాట్‌లో పుట్టిన బిడ్డ భీమ్ కథను గోండీలో తీస్తే ఎట్లా ఉంటుందో ఇంకా ఎవరూ చూడలేదు.

ఈలోపు రీల్స్ వచ్చాయి. గుస్సాడీ ఆడేవాళ్లను అడగకుండా తీసి, కింద డీజే పాట అతికించి పెడుతున్నారు. బయటివాళ్లు చేశారని తిట్టుకుంటాం గానీ కొన్ని మన పిల్లలు చేసినవే. గుస్సాడీ కనకరాజు తాతకు 2021లో పద్మశ్రీ వచ్చింది, 2024లో ఆయన వెళ్లిపోయాడు. ఆయన తరం ఆట, పాట, కీక్రి మీద పర్ధాన్లు చెప్పే కథ, వీటిని మనమే పద్ధతిగా రికార్డు చేసుకోవాలి. పద్ధతి అంటే ముందు అడగడం. కేస్లాపూర్‌లో నాగోబా దగ్గర మెస్రం వంశం పెద్దలు ఏది తీయొచ్చంటే అది తీయాలి, ఏది వద్దంటే అక్కడ కెమెరా దించాలి. తీయకూడనిది ఏదో బయటివాడికి తెలియదు, మనకు తెలుసు. ఆ తెలివితో కాలేజీకి పోతే అక్కడ మనకొచ్చే మార్కులు వేరుగా ఉంటాయని మా నమ్మకం.

ఇప్పుడు కష్టం కూడా చెప్పాలి. నిరుడు ఒక తండ్రి మా గదికి వచ్చి కూర్చున్నాడు. కూతురు డిగ్రీ చివరి ఏడాది. "ఆ చదువు తిండి పెడుతదా మేడం?" అని ఒక్కటే ప్రశ్న. టీచరు ఉద్యోగం లాగ ఒకటో తారీఖు జీతం రాదని చెప్పాం. ఎడిటింగ్, సౌండ్ వచ్చినవాళ్లకు పని దొరుకుతుంది, టీవీలో, ప్రకటనల్లో, సినిమాల్లో. కానీ చదువైపోయాక మొదటి కొన్నేళ్లు ఊరుగాని ఊళ్లో అద్దె గదిలో ఉండాలి, ఒక నెల పని ఉంటే ఒక నెల ఉండదు. చదువు తెలుగులో ఉండదు, ఇంగ్లిషు నేర్వాలి. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. చివరికి, "బీఈడీ పరీక్ష కూడా రాయమను, ఇది కూడా రాయమను" అన్నాడు. మాకు అది న్యాయంగానే తోచింది. ఆ అమ్మాయి ఈ సభలోనే ఉంది. పేరు చెప్పొద్దంది.

ఆసక్తి ఉన్నవాళ్లు ఇప్పటి నుంచే ఒక పని చేయండి. ఫోన్‌తో ఒక్క నిమిషం తీయండి. పాట పెట్టొద్దు, ఫిల్టరు వద్దు. మీ అవ్వ ఇప్పపూలు ఏరడమో, సంతలో బేరం చేయడమో తీయండి. తీశాక కళ్లు మూసుకుని వినండి. గాలి హోరు తప్ప ఏమీ వినపడకపోతే మళ్లీ తీయండి. అట్లాంటివి పది జమయ్యాక మా దగ్గరికి రండి, దరఖాస్తు సంగతి అప్పుడు మాట్లాడదాం.

సంఘం పెద్దలకు ఒక మనవి. మైకు సెట్టుకు, షామియానాకు పెట్టే ఖర్చులో కొంత మిగిల్చి ఒక మంచి మైక్రోఫోను, రెండు హార్డ్‌డిస్కులు కొనండి. ఒకటి సంఘం దగ్గర, ఒకటి హాస్టల్‌లో. దీపావళికి దండారి మొదలయ్యేలోపు అవి వస్తే, పిల్లలను వెంటబెట్టుకుని మేమే గూడేలకు వస్తాం.