మా వీధి ఎందుకింత సైలెంట్‌గా ఉంటుంది?

సిటీలోనే ఉన్నా హారన్ల గోల లేని కాలనీలో ఇల్లు దొరికితే "అబ్బ, అదృష్టవంతుడివిరా" అంటారు. ఈరోజు ఆ అదృష్టం గురించే మాట్లాడుకుందాం.

నేను అద్దెకుండేది సికింద్రాబాద్‌లో, సైనిక్‌పురి వైపు. పేరులోనే ఉంది కదా, సైన్యంలో పనిచేసినవాళ్ల కోసం వచ్చిన కాలనీ. పెద్ద ప్లాట్లు, ఇంటి చుట్టూ జాగా, చెట్లు. మా వీధిలో పొద్దున్నే పిట్టలు, తర్వాత కూరగాయల బండి మైకు, ఆ తర్వాత కుక్కర్ విజిళ్లు. అంతే.

చెట్ల వల్లే ఇంత ప్రశాంతం అనుకుంటాం. నిజానికి ఒక్క వరస చెట్లు ఆపే చప్పుడు చాలా తక్కువ. అసలు సంగతి రోడ్డులో ఉంది. వీధి ఇంకో మెయిన్ రోడ్డుకి షార్ట్‌కట్ కాకపోతే, అక్కడ ఇల్లున్నవాళ్లు తప్ప వేరే బండి రాదు. మీరు ఇల్లు వెతుక్కునేటప్పుడు మ్యాప్‌లో ముందు ఇది చూడండి. ఆదివారం మధ్యాహ్నం కాదు, వారం మధ్యలో రాత్రిపూట ఒకసారి వెళ్లి నిలబడండి.

ఇప్పుడు పాత ఇళ్లు ఒక్కొక్కటీ డెవలప్‌మెంట్‌కి వెళ్తున్నాయి. ఒక కుటుంబం ఉన్నచోట పది ఫ్లాట్లు, పది కార్లు. తప్పని అనలేను, నాలాంటివాళ్లకి అద్దెకి ఇల్లు దొరికేది అక్కడే. కానీ అర్ధరాత్రి డ్రిల్లింగ్ చేస్తే ఊరుకోవాలా? అక్కర్లేదు. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45. రాత్రి అంటే 10 నుంచి పొద్దున 6 దాకా. ఆ టైంలో ఇళ్ల మధ్య చప్పుడు చేసే కన్‌స్ట్రక్షన్ మెషీన్లు నడపకూడదు, ఎమర్జెన్సీ అయితే తప్ప హారన్ కూడా కొట్టకూడదు. 10 డెసిబెల్స్ పెరిగితే శబ్ద శక్తి పది రెట్లు పెరిగినట్టు. ఫోన్ యాప్ చూపించేది ఉజ్జాయింపు లెక్కే, దాన్ని రుజువు అనుకోకండి.

ముందు వెళ్లి మాట్లాడండి. "అన్నా, ఇంట్లో చిన్నపాప ఉంది, పది దాటింది" అంటే చాలామంది ఆపేస్తారు. వినకపోతే 112కి కాల్ చేయండి.

ఇంకో మాట. ఇలాంటి వీధుల్లో చాలా ఇళ్లలో పెద్దవాళ్లే ఉంటారు. పిల్లలు అమెరికాలోనో బెంగళూరులోనో. గోల ఉన్న బస్తీలో ఒకరోజు తలుపు తీయకపోతే పక్కింటివాళ్లు తడతారు. ఇక్కడ తలుపు మూసి ఉండటమే మామూలు కాబట్టి, లోపల ఎవరైనా పడిపోయినా బయటికి తెలియదు. మనం ఇష్టపడే సైలెన్స్‌లో ఉన్న ప్రమాదం ఇదే.

అందుకే మా వీధిలో ఒక చిన్న పద్ధతి పెట్టుకున్నాం. పాల ప్యాకెట్ తొమ్మిదింటికి కూడా గేటుకే వేలాడుతుంటే, చూసినవాళ్లు బెల్ కొట్టాలి. ఖర్చు లేదు, యాప్ అక్కర్లేదు. పెద్దవాళ్లకి ఏదైనా సాయం, సలహా కావాలంటే 14567 ఎల్డర్‌లైన్ ఉంది, అది ఫ్రీ. మీ ఫోన్‌లో ఇప్పుడే సేవ్ చేసుకోండి.

రేపు పొద్దున ఆఫీసుకి వెళ్తూ మీ వీధిలో ఒంటరిగా ఉండే అంకుల్‌నో ఆంటీనో పలకరించి, నంబర్ తీసుకోండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.